గోక్కోకుండా బోధన్ దాకా

బోధన్ చూసి వచ్చాను. పోయేటప్పుడు దారి పొడుగునా ఒక్కసారి కూడా గోక్కోలేదు. ఈ రెండో మాటే పెద్దది. బోధన్ చూసినవాళ్లు చాలామంది ఉంటారు. నా చెడ్డీ వేసుకుని చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మా ఊళ్లో సగం మంది రైలెక్కలేదు. చక్కెర ఎట్లా అవుతుంది, పట్నంలో ఏం తింటారు, ఏం ధర అని రోజూ ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటున్నారు. చెప్పి చెప్పి నోరు నొచ్చింది కాబట్టి రాస్తున్నాను. తల నెరిసిన తర్వాత అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. ఒత్తులు తప్పితే మీరే సర్దుకోండి. సిగ్గుపడాల్సిన సంగతులు కొన్ని వస్తాయి. నాకు సిగ్గు లేదు, మీకుంటే ఆ ముక్క వదిలి చదవండి.

బయలుదేరక ముందు సంగతి

మాది భీమ్‌గల్ పక్క ఊరు. కుర్మోళ్లం. గొర్లు కాస్తాం, ఉన్ని వడుకుతాం, గొంగళ్లు నేస్తాం. కొన్నేళ్ల కింద గొర్లకు తుమ్మకాయలు రాల్చబోయి చెట్టు మీంచి పడ్డాను. కాలు విరిగింది. మిషన్ దవాఖానాలో నెలల తరబడి పడుకున్నాను. పక్క మంచం సామ్యేలుది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మనిషి. చెరుకు బండి చక్రం ఎక్కి వాడిదీ కాలే విరిగింది. నాది కుడికాలు, వాడిది ఎడమకాలు. ఇద్దర్నీ కలిపితే ఒక మంచి మనిషి తయారయ్యేవాడు.

సామ్యేలు నాకు అక్షరాలు నేర్పాడు. ఖాళీగా ఉంటే నేను తిడుతూ ఉంటానని అక్కడి నర్సమ్మ ఇద్దరి చేతికీ అల్లిక సూదులు, ఊలుండ ఇచ్చింది. సీదా ఒకటి, ఉల్టా ఒకటి. 'అ' రాయడం, కుట్టు వెయ్యడం నాకు ఒకే చలికాలంలో వచ్చాయి. రెండూ ఒకటే పని, గుండ్రంగా తిప్పి మధ్యలోంచి లాగడం. మొదట పిండికట్టు బయట మిగిలిన కాలివేళ్లకు టోపీ అల్లాం. తర్వాత బనీను. తర్వాత నర్సమ్మ మాటల్లో మాటగా, చలిదేశాల్లో మనుషులు ఒంటికి తగిలేటట్టు ఊలు చెడ్డీ వేసుకుంటారని చెప్పింది. ఆమె నవ్వులాటకు చెప్పిందేమో. మేమిద్దరం మాత్రం ఆ రోజునుంచి మనుషులం కాలేదు.

దవాఖానా వదిలినా చెడ్డీ వదల్లేదు. సైకిల్ పుల్లలు అరగదీసి సూదులు చేసుకున్నాను. నాలుగు పుల్లల మీద గుండ్రంగా రెండు కాళ్లూ వేరువేరుగా అల్లి, పైన కలిపేసి, నడుముకు నాడా ఎక్కిస్తే మోకాళ్ల దాకా చెడ్డీ. అమ్మను, ఎవరికీ ఇవ్వను. నాకు నేనే అల్లుకుంటాను, నేనే తొడుక్కుంటాను. కొందరు పేకాడతారు, కొందరు పావురాలు పెంచుతారు. నాకిది.

గొడవ ఎక్కడ వచ్చిందంటే, సామ్యేలు దుకాణం ఊలుతో అల్లుతాడు. నేను మా గొర్రె ఉన్నితో. క్రిందటి ఎండాకాలం వాడు మా ఇంటికి వచ్చి, దండెం మీద ఉన్న నా చెడ్డీని రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు.

"కొమురన్నా, గిది తొడుక్కుంటందుకా, గిన్నెలు తోముతందుకా?"

"మా గొర్రెను ఏమన్న అంటె మర్యాద దక్కది సామ్యేలూ."

"గొర్రెను అంటలేను. గొర్రెనే నయం, గోక్కుంటందుకు గోడ ఉంటది. చలికాలంల నువ్వు గిసుంటి చెడ్డీ తొడుక్కొని మీ ఇంటి కాడికెల్లి మా గడప దాక గోక్కోకుంట వస్తె, నా మీసం తీపిచ్చుకుంట."

"గోక్కుంటె?"

"నీది పోతది."

నా మీసం మీరు చూడలేదు. చూసి ఉంటే పందెం ఎంత పెద్దదో తెలిసేది. చెవులదాకా వెళ్లి అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి వచ్చేది. మా నాయిన పోయినప్పుడు తీసింది, ఆ తర్వాత కత్తి తగల్లేదు. మావైపు మీసం తీసి ఊళ్లోకి వస్తే ఎవరు పోయారని అడుగుతారు. గొర్రె ఉన్నికోసం పోయిందని చెప్పుకోగలనా? అయినా "సరే" అన్నాను. మా గొర్రె నన్నే చూస్తున్నది మరి.

సాక్షి కావాలి. నా భార్య లస్మవ్వ ఒప్పుకున్నది. ఎంత సంతోషంగా ఒప్పుకున్నదంటే నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ఇంటి గడప

ఈ ప్రయాణం కోసమే కొత్త చెడ్డీ అల్లాను. గొర్రెపిల్లల మొదటి కత్తెర ఉన్ని ఏరి, సన్నంగా వడికాను. మా తాత గొంగడి నూలుకు చేసినట్టే చింతగింజలు దంచి, గంజి కాచి, కుంచెతో నూలు పొడుగునా పట్టించి ఎండబెట్టాను. గంజి పెట్టని ఉన్ని పని మా ఇంట్లో ఎవరూ చెయ్యలేదు. సూది మీద కుట్టు కిర్రుమనేది. గట్టిదనమంటే అదీ అని మురిసిపోయాను.

బయలుదేరే పొద్దున దాన్ని నేలమీద పెడితే నిలబడింది.

"ఓ అయ్యా, గిది నువ్వు లేకున్నా బోధన్ పోయి వస్తది," అన్నది లస్మవ్వ.

తొడుక్కున్నాను. పైన ధోతి. గడప దాటినప్పుడు ఏమీ కాలేదు. మా వాకిలి దాటినప్పుడు మొదలైంది. ఎట్లా చెప్పాలి? వరి కోసిన మడిలో బట్టల్లేకుండా కూర్చున్నట్టు. నేను నవ్వుతూ నడిచాను. లస్మవ్వ నా చేతులకేసి చూస్తూ నడిచింది.

బస్సులో చేతులెత్తి

ఆర్మూరు మీదుగా నిజామాబాదు పోయే బస్సు అది. ఒకపక్క లస్మవ్వ, ఇంకోపక్క పసుపు బస్తా పట్టుకుని ఒక రైతు, మధ్యలో నేను. బస్తాలోంచి పసుపు రేణువు రాలి ధోతిలోంచి దిగుతున్నది. నేను సీటు మీద కొంచెం అటు, కొంచెం ఇటు జరుగుతున్నాను. గోక్కోకూడదన్నాడు గానీ జరగకూడదనలేదు.

రైతు కాసేపు చూశాడు. "ఏమాయె తాతా, ఒంట్ల బాగలేదా?"

నేను నోరు తెరిచేలోపు లస్మవ్వే చెప్పింది. "బాగనే ఉన్నడు బిడ్డా. ఉన్ని చెడ్డీ అల్లుకొని తొడుక్కున్నడు. గోక్కుంటె మీసం పోతది."

బస్సంతా తిరిగి చూసింది. అక్కణ్ణుంచి ప్రయాణం నాది కాదు, అందరిదీ. వెనక సీట్లో ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఒకడు మీసం వైపు, ఇంకొకడు చెడ్డీ వైపు చేరి వాదన పెట్టుకున్నారు. కండక్టర్ టికెట్లు కొట్టడం మానేసి నా దగ్గరికి వచ్చాడు.

"తాతా, నీ చేతులు ధోతి కింద ఏడున్నయో ఎవలికి ఎరుక? పైన రాడ్ పట్టుకో. అందరికి కనవడాలె."

"కూసున్నోడు రాడ్ ఎట్ల పట్టుకుంటడు?"

"నిలవడు మరి."

నిలబడ్డాను. రెండు చేతులూ పైకెత్తి రాడ్ పట్టుకుని నిజామాబాదు దాకా వచ్చాను. దారిలో ఎక్కినవాళ్లు, ఈ ముసలాయన ఎవరికి లొంగిపోతున్నాడో అనుకుని ఉంటారు. లస్మవ్వ మాత్రం హాయిగా కూర్చుని, తన మోచేయి గోక్కుంటున్నది. ఊరికే కాదు, చప్పుడు వచ్చేటట్టు.

"నీకేం దురద పుట్టింది?" అన్నాను.

"ఏం లేదు. మా అవ్వగారింట్ల ఒకపారి మంచంల నల్లులు పడ్డయి, యాదికొచ్చింది," అని ఆ నల్లుల కథ మొదలుపెట్టింది. ఏ నల్లి ఎక్కడెక్కడ కుట్టిందో ఒక్కటి కూడా వదల్లేదు. ఈమె నా సాక్షా, సామ్యేలు సాక్షా అని ఆ రాడ్ పట్టుకునే ఆలోచించాను.

నిజామాబాదులో గులాబీ ఊలుండ

నిజామాబాదు గురించి ఏం చెప్పాలి? మనుషులు ఎక్కువ, ఎవరికీ ఎవరూ తెలియదు. హోటల్లో పది పైసలకు చాయ్ ఇస్తారు, పింగాణీ కప్పులో. అది కప్పులోంచి సాసర్లో పోసుకుని తాగుతారు. మా ఊళ్లో గ్లాసులోంచి గ్లాసులోకి పోసి చల్లార్చుకుంటాం, పట్నంలో సాసరుంది కాబట్టి అంత కష్టం లేదు. పెద్ద బిస్కెట్ ఒకటి చాయ్‌లో ముంచితే సగం విరిగి కిందికి పోయింది. దాన్ని వేలితో తీసుకుని తిన్నాను. పక్క బల్లాయన మొహం తిప్పుకున్నాడు. డబ్బులు నావి, బిస్కెట్ నాది.

సామ్యేలు అల్లే ఊలులో అంత గొప్పేముందో చూడాలని బజారులో ఒక ఊలు కొట్టుకు పోయాం. సేఠ్ గద్దె మీద కూర్చుని ఉన్నాడు. వెనక గోడంతా రంగురంగుల ఉండలు.

"ఆవో బాపూ, ఎంత పిల్లకు స్వెటరు? మనుమరాలికా?"

"పిల్లకు గాదు. నాకే."

"మంచిది. మఫ్లరా?"

"చెడ్డీ."

 సేఠ్ నెమ్మదిగా నా ధోతికేసి చూశాడు. వ్యాపారం తెలిసినవాడు, తేరుకుని అడిగాడు. "కలర్ ఏం కావాలె?"

"లోపల ఉండేదానికి ఏ కలర్ అయితేంది?"

"అట్లనకు బాపూ. మీకు ఎరుకైతది కదా."

ఆ మాట నాకు నచ్చింది. ఆ ముక్క నాకే తోచాల్సింది. లస్మవ్వ అప్పటికే గులాబీ రంగు ఉండ ఒకటి అందుకుని, నా మెడమీద అదిమింది. "ఎట్లున్నది?" అన్నది. మెత్తగా ఉంది. పిల్లి కడుపు తగిలినట్టు ఉంది. ఆ మెత్తదనం మెడమీద తగిలేసరికి నడుము కింద ఉన్నదంతా ఒక్కసారి కేక పెట్టింది. కొట్టు గుమ్మాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. సేఠ్ భయపడి నీళ్లు తెప్పించాడు. లస్మవ్వ ఆ గులాబీ ఉండను బేరమాడి కొన్నది. ఎందుకే అంటే చెప్పదు.

స్టేషన్ పక్క ముసాఫిర్‌ఖానాలో పడుకున్నాం. నిద్రలో చెయ్యి తప్పు చేస్తుందేమోనని చేతులు రెండూ కలిపి కట్టమన్నాను. కట్టింది. పొద్దున లేచేసరికి ఆ ముడి చిన్నపిల్ల కూడా విప్పేటంత వదులుగా ఉంది.

"రాత్రి గోక్కున్ననా? నిజం చెప్పు."

"లేదు," అన్నది కొంచెం దిగులుగా. "నిద్ర పోకుంట సూసిన గదా."

బోధన్ రైలు

రైలంటే బస్సులాంటిదే, కాకపోతే తొందర లేదు. జానకంపేటలో ఆగి చాలాసేపు ఆలోచించుకుని మళ్లీ కదిలింది. కిటికీలోంచి చలిగాలి. బయట రెండువైపులా చెరుకు. మా వైపు మక్కచేను మనిషెత్తుంటే గొప్ప. ఇక్కడ చెరుకులోకి ఏనుగు దూరితే మళ్లీ ఎన్నడు బయటపడుతుందో చెప్పలేం.

నా సంచిలో ఇంకో చెడ్డీ సగం అల్లికలో ఉంది. చేతులకు పని ఉంటే పక్కదార్లు పట్టవని తీసి అల్లుతున్నాను. ఎదురుగా మరాఠీ ఆమె, మిరపకాయల గంపతో. గోచీ పెట్టి కట్టిన చీర, నుదుటిన పెద్ద బొట్టు. నా సూదులకేసి చాలాసేపు చూసి, "కాయ్ ఆహే?" అన్నది. ఏమిటది అని.

"చెడ్డీ," అన్నాను.

"చడ్డీ!" అన్నది. వాళ్ల భాషలోనూ అదే మాటట. చెయ్యి చాచి ఒక కాలు పట్టుకుని పైకెత్తి, కిటికీ వెలుతురుకు పెట్టి చూసి, పగలబడి నవ్వింది. లస్మవ్వ నవ్వింది. ఒకరి మాట ఒకరికి సగం సగమే తెలిసినా, నన్ను వెక్కిరించడానికి వాళ్లకు ఆ సగం చాలింది. ఆ నవ్వులో స్నేహం కుదిరి ఆమె మూట విప్పింది. జొన్నరొట్టె. మా రొట్టే, కాకపోతే కొంచెం మందం. దాని మీద పచ్చిమిరప, వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచిన కారం. మా పచ్చడిలో చింతపండు కొంచెం దయ చూపిస్తుంది. వీళ్ల దాంట్లో దయలేదు.

తిన్నాను. చెవుల్లోంచి పొగ వచ్చింది. చలిగాలిలో చెమట పట్టింది, తలనుంచి మొదలై కిందికి దిగింది. చెడ్డీ దాకా వెళ్లింది. అప్పటిదాకా గుచ్చుకుంటున్న చెడ్డీ ఇప్పుడు అంటుకోవడం మొదలుపెట్టింది. కదిలితే తొడమీద వెంట్రుకలను ఒక్కొక్కదాన్నే పేరు పెట్టి పిలిచినట్టు లాగుతున్నది. ఇదెక్కడి వింతరా అనుకున్నాను. ఉన్ని గుచ్చుకోవడం తెలుసు, అతుక్కోవడం ఎన్నడూ ఎరగను.

"బాబా రడతోయ్," అన్నది మరాఠీ ఆమె. ఏడుస్తున్నాడని.

"కారానికి," అన్నాను. లస్మవ్వ నమ్మలేదు.

చెరుకు బండ్ల వరుస

బోధన్ కంటే ముందు బోధన్ వాసన వస్తుంది. తీపి, దాని వెనక పులుపు, దాని వెనక పొగ. కొత్తవాడికి మొదట ఆకలవుతుంది, కాసేపటికి ఆ ఆకలే పోతుంది. సామ్యేలు స్టేషన్ బయట నిలబడి ఉన్నాడు. మీసానికి నూనె రాసి మెలితిప్పి వచ్చాడు. మొదట నా మొహం చూడలేదు, నా చేతులు చూశాడు.

"వదినే, గోక్కున్నడా?"

"యాడ! నేను గూడ ఎదురుసూస్తనే ఉన్న."

"మా గడప ఇంక దూరమున్నది," అని నవ్వాడు. నన్ను కౌగిలించుకున్నాడు. కౌగిలించుకుని, గట్టిగా అదిమి, కొంచెం అటూ ఇటూ ఊపాడు. ఆ స్నేహం ఎందుకో నాకు తెలుసు.

ఇంటికి దగ్గరి దారి ఉంది. నన్ను దూరపు దారిన తీసుకుపోయాడు. ఫ్యాక్టరీ చూడాలట. రోడ్డు పక్కన చెరుకు బండ్లు కంటికి ఆననంత దూరం వరుసలో ఉన్నాయి. బండివాళ్లు వంతు కోసం రాత్రులు అక్కడే, వంటలు అక్కడే. ఎడ్లను విప్పి కట్టేసి, చక్రాల పక్కన మూడు రాళ్లు పెట్టి వండుకుంటున్నారు. ఎవరైనా వచ్చి బండిలోంచి ఒక గడ లాక్కుని తింటే ఎవరూ ఏమీ అనరు. మా ఊళ్లో అయితే ఒక మక్కకంకి విరిస్తే మూడు తరాలు తిడతారు. ఇక్కడ తీపి ఎక్కువై మనుషులకు కోపం రాదేమో అనుకున్నాను.

పక్కనే కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల క్యాంపు. అక్కడ గానుగలో చెరుకు రసం ఆడుతున్నారు. ఒక నడివయసు ఆవిడ మమ్మల్ని చూసి, "రండి బాబాయ్‌గారూ, దూరంనుంచి వచ్చినట్టున్నారు, రసం తాగండి," అన్నది. వాళ్ల దగ్గర ప్రతిదానికీ 'గారు'. ఎద్దుకొక్కదానికే పెట్టలేదు. సామ్యేలు నన్ను చెరుకు కుప్ప మీద కూర్చోబెట్టాడు. ఆవిడ పెద్ద చెంబుతో ఇచ్చింది. రెండు గుక్కలు తాగానో లేదో, వెనకనుంచి సామ్యేలు భుజం తట్టాడు.

"ఎట్లున్నది అన్నా?"

చెంబెడు రసం నా ఒళ్లో పడింది. అనుకోకుండా తగిలిందంటాడు. వాడు రోజూ ప్రార్థన చేసుకునే మనిషి, అయినా నేను నమ్మను.

"అయ్యో అయ్యో," అన్నది ఆవిడ. "అట్టా కూర్చోకండి, చీమలు పడతాయి!"

పడ్డాయి. చెరుకు కుప్ప అంటేనే ఎర్రచీమల పట్నం. ముందు ఒకటి వచ్చి చూసిపోయింది. తర్వాత అది తన చుట్టాలను తీసుకొచ్చింది. ధోతి దాటి, చెడ్డీలో ఒక్కో కుట్టు సందులోంచి లోపలికి పోతున్నాయి. నేనల్లిన సీదా ఏదో, ఉల్టా ఏదో ఆ రోజు చీమలే నాకు చెప్పాయి. లేచి నిలబడ్డాను. చేతులు రెండూ పైకెత్తాను. ఒంటికాలి మీద ఎగిరాను. ఎడ్లు బెదిరాయి. బండివాళ్లు వంటలు వదిలి వచ్చారు.

"గోక్కో అన్నా!" అంటున్నాడు సామ్యేలు. వాడికీ భయమేసింది. "మీసం పోతె మొలుస్తది, పానం పోతది!"

"గోక్కో!" అన్నది లస్మవ్వ. ఆమె గొంతులో భయం లేదు, బతిమాలడం ఉంది.

బండివాళ్లంతా కలిసి, "గోక్కో తాతా, గోక్కో తాతా!" అని కేక.

నా కుడిచెయ్యి కిందికి వస్తున్నది. నేను రమ్మనలేదు, అదే వస్తున్నది. నడుము దాకా వచ్చింది. సామ్యేలు మీసంలో నవ్వు మొదలైంది. అప్పుడు నాకు రోడ్డవతల కాలువ కనిపించింది. నిండుగా, మంచు పొగలు కక్కుతూ పోతున్నది. గోక్కోకూడదన్నాడు. దూకకూడదనలేదు.

కాలువ

చలికాలం పొద్దున కాలువ నీళ్లు ఎట్లా ఉంటాయో రాయడానికి నేను నేర్చుకున్న అక్షరాలు చాలవు. అరుపు వచ్చింది, అంతే. చీమలు నాకంటే ముందే విడిచి పోయాయి. మెడదాకా మునిగి, కాలువ గట్టు గడ్డి పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి ఒక సంగతి తెలిసింది. దురద లేదు. చీమలది సరే, ముందునుంచీ ఉన్న దురద కూడా లేదు. గుచ్చుకోవడం లేదు, అంటుకోవడం లేదు. చెడ్డీ ఒంటిమీద ఉన్నదా, కొట్టుకుపోయిందా అని భయపడి నాడా తడిమి చూసుకున్నాను. ఉంది.

"ఇగో, చెయ్యి పెట్టిండు!" అని అరిచాడు సామ్యేలు.

"నాడా సూసుకున్న! నాడా పట్టుకుంటె గోక్కున్నట్టా?"

గట్టుమీద బండివాళ్లు పంచాయితీ పెట్టి, నాడా లెక్కలోకి రాదని తేల్చారు.

పైకి వచ్చాను. తడిసిన ఉన్ని బరువెంతో గొంగడి తడిపినవాళ్లకే తెలుసు. మోకాళ్ల దాకా ఉండాల్సిన చెడ్డీ సాగి సాగి చీలమండలు దాటింది. ధోతి కింద ఇంకో మనిషి కాళ్లు వేలాడుతున్నట్టు నడిచాను. దాన్నుంచి తెల్లగా, చిక్కగా నీళ్లు కారుతున్నాయి. లస్మవ్వ ఒక అంచు పట్టుకుని పిండి, చేతిమీద పడ్డదాన్ని వేళ్లమధ్య రుద్ది, వాసన చూసింది. ఆమె మొహం మారింది.

"చింతగింజల గంజి," అన్నది. "ఓ అయ్యా, చెడ్డీకి గంజి పెట్టినవా?"

"ఉన్నికి గంజి పెట్టకుంట ఎట్ల?"

"గది గొంగడికి! వాన ఆగుతందుకు, గాలి ఆగుతందుకు! నీ చెడ్డీల ఏ వాన పడుతదని పెట్టినవు?"

 మా తాత పెట్టాడు, మా నాయిన పెట్టాడు. ఉన్ని చూస్తే మా చేతులు గంజి కుండకే పోతాయి. వాళ్లెవరూ చెడ్డీ అల్లలేదన్న సంగతి నాకు తట్టలేదు. సామ్యేలు గట్టుమీద కూర్చుని పొట్ట పట్టుకున్నాడు. బండివాళ్లు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. క్యాంపు ఆవిడ పొడిబట్ట తెచ్చి ఇచ్చి, "మీరు చాలా గట్టివారండీ," అన్నది. నవ్వాపుకోవడానికి ఆవిడ పెదవి కొరుక్కోవడం నేను చూశాను.

పొడిబట్ట భుజాన వేసుకున్నాను గానీ చెడ్డీ విప్పలేదు. దాంతోనే నడిచి, నీళ్లు కార్చుకుంటూ, సామ్యేలు గడప దాటాను.

సామ్యేలు వాకిలి

తీర్పు సామ్యేలు భార్య రూతమ్మ చెప్పింది. చిన్న మనిషి, పెద్ద గొంతు. జరిగిందంతా రెండువైపులా విన్నది. "గోక్కోలేదు. మునిగిండు. మునుగుడు గోకుడు గాదు," అని చెప్పి మాకు వేడివేడిగా జొన్నసంకటిలాంటి గట్క, పచ్చిపులుసు పెట్టింది. సామ్యేలు తన మీసం ఒకసారి తడుముకున్నాడు.

మర్నాడు పొద్దున్నే క్షౌరం చేసే నర్సింలు వచ్చాడు. వాకిట్లో పీట వేశారు. దండెం మీద నా చెడ్డీ ఆరుతున్నది. వాడకట్టు ఆడవాళ్లు, మగవాళ్లు వచ్చి దాన్ని చేత్తో పట్టి చూస్తున్నారు. సామ్యేలు కూడా పీట ఎక్కేముందు వెళ్లి చెంపకు ఆనించుకున్నాడు.

"మెత్తగున్నది కొమురన్నా," అన్నాడు. "నీ గొర్రెకు చెప్పు, నేను మాట వాపస్ తీసుకున్న అని."

 పందెం వద్దులే సామ్యేలూ అందామనుకున్నాను. కానీ వాడే పీట మీద కూర్చుని మొహం పైకెత్తాడు. సబ్బు నురగ, కత్తి. రెండు గీతల్లో పోయింది.

మొహం తుడుచుకుని లేచాడు. రూతమ్మ చూసింది. పెళ్లయినప్పటినుంచీ ఆమె చూడని పెదవి అది. పలచగా, కొంచెం వంకరగా, ఎప్పుడూ చిన్నగా నవ్వుతున్నట్టు ఉంది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. నవ్వింది, నవ్వుతూ గడప మీద కూలబడింది. తర్వాత నవ్వాపి ఇంకోసారి చూసింది.

"ఇగ గిట్లనే ఉంచుకో," అన్నది. సామ్యేలు చెవులు ఎర్రబడ్డాయి.

లస్మవ్వ ఆ మొహం చూసింది. రూతమ్మ మొహం చూసింది. తర్వాత నాకేసి తిరిగింది.

"నర్సింలూ," అన్నది, "కత్తి కడిగి గిటు గూడ రా."

"నేను గెలిచిన!" అన్నాను.

"గెలిచినవు. ఎవ్వలు కాదన్నరు?"

"మీసం తీస్తె ఎవలు పోయిండ్రని అడుగుతరు ఊర్ల!"

"అడగనీ. నేను ఎన్నడు సూసినా నీ మీసాన్నే సూస్తున్న. అంబలి తాగితె అండ్లనే, చాయ్ తాగితె అండ్లనే. బతికున్నోని మొఖం ఒక్కపారి సూడాలని ఉన్నది నాకు."

మోచేయి గోకుడు, నల్లుల కథ, వదులు ముడి, మెడమీద గులాబీ ఉండ అన్నీ అప్పుడు నాకు ఒక్కసారే అర్థమయ్యాయి. వాకిలంతా నన్ను చూస్తున్నది. బస్సు కాదు కాబట్టి పట్టుకోవడానికి రాడ్ కూడా లేదు. పీట మీద కూర్చున్నాను.

నర్సింలు పని అయ్యాక లస్మవ్వ దగ్గరికి వచ్చి, గడ్డం పట్టుకుని అటు తిప్పింది, ఇటు తిప్పింది.  "నాకు యాదున్నట్టే ఉన్నవు," అన్నది చివరికి. అంతమంది ముందు నాకు మొదటిసారి సిగ్గేసింది.

తిరుగు రైలు

బోధన్‌లో ఇంకేం చూశానని అడిగేవాళ్లకు చెప్తున్నాను. ఫ్యాక్టరీ చూశాను, పెద్దది. చక్కెర తెల్లగా బయటికి రావడం చూశాను. రూతమ్మ చేసిన చెరుకురసం పొంగలి తిన్నాను, మూడుసార్లు. సామ్యేలుకు సగం అల్లిన చెడ్డీ పూర్తిచేసి, గంజి పోయేదాకా ఉతికి ఇచ్చాను. నా చెడ్డీ ఇంకొకరికి ఇవ్వడం అదే మొదలు. వాడు తొడుక్కుని వాకిట్లో అటూఇటూ నడిచాడు, గోక్కోలేదు.

ఊళ్లో దిగగానే అడిగారు, ఎవరు పోయారని. గంజి పోయిందని చెప్పాను. అర్థం కానివాళ్ల కోసమే ఇదంతా రాసింది.

ఒక్కటే చిక్కు వచ్చింది. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే పై పెదవికి చలి. అన్నేళ్లూ మీసం కింద వెచ్చగా పడుకున్న చోటు అది, దానికి గాలంటే తెలియదు. జానకంపేట వచ్చేసరికి తిమ్మిరెక్కింది. లస్మవ్వ సంచిలోంచి గులాబీ ఉండ తీసి నా ఒళ్లో పెట్టింది. నేను సైకిల్ పుల్లలు తీశాను. చెవులకు తగిలించుకునేటట్టు అటొక పోగు, ఇటొక పోగు, మధ్యలో బెత్తెడు పట్టీ. ఒక వరుస మా గొర్రెది, ఒక వరుస సేఠ్ కొట్టుది. సీదా ఒకటి, ఉల్టా ఒకటి. ఎదుటి సీట్లో ఎవరో అడిగారు, "తాతా, గదేంది?" అని.

"మూతికి చెడ్డీ," అన్నది లస్మవ్వ.

ఇది రాస్తున్నప్పుడు కూడా పెట్టుకునే ఉన్నాను. వెచ్చగా ఉంది, గుచ్చుకోవడం లేదు. ఈసారి గంజి పెట్టలేదు.